నేను పక్కనే కూర్చుంటాను కదా, ‘ఎ’ సినిమాకి మా అబ్బాయిని తీసుకెళ్లొచ్చా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది నరసన్నపేట దగ్గర పల్లె. అబ్బాయికి 14 ఏళ్లు, పాపకి 9. అబ్బాయి ప్రాణం పెట్టే హీరో కొత్త సినిమాకి ‘ఎ’ సర్టిఫికెట్ వచ్చింది. “అందులో అసభ్యంగా ఏమీ లేదట, ఫైట్లేనట. నేను పక్కనే కూర్చుంటాను కదా, తీసుకెళ్లొచ్చా? యు/ఎ పక్కన ఈ 7, 13, 16 అంకెలు ఎవరి కోసం? సినిమా తీసేవాళ్లు వీటిని అసలు లెక్కచేస్తారా?” అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ‘ఎ’ సినిమాకి మీ అబ్బాయిని తీసుకెళ్లకూడదు. మీరు పక్కన ఉన్నా కుదరదు. 18 నిండితేనే లోపలికి. యు/ఎ అయితే అంకె ఏదైనా గేటు దగ్గర ఎవరూ ఆపరు, ఆ నిర్ణయం పూర్తిగా మీది. ఇక తీసేవాళ్లు లెక్కచేస్తారా అంటే, బాగా చేస్తారు. రిలీజుకి ముందు నిర్మాతకి నిద్ర పట్టనివ్వని టెన్షన్లలో అదొకటి. ఎందుకో కింద చెప్తాను.

నేను 1996లో రాజాం వైపు ఒక హాల్లో బుకింగ్ కౌంటర్లో చేరాను. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. తర్వాత విజయనగరం టౌన్లో ఒక హాలు, ఇప్పుడు శ్రీకాకుళం వైపు ఇంకో హాల్లో మేనేజర్ని. టికెట్లు చింపాను, రీళ్ల బాక్సులు బస్టాండు నుంచి రిక్షాలో తెప్పించాను, అర్ధరాత్రి దాటాక కూర్చుని రోజువారీ కలెక్షన్ల లెక్కలైన డీసీఆర్‌లు రాశాను. గేటు దగ్గర “మీ వాడికి ఎన్నేళ్లు?” అని అడిగినవాణ్ని, అడగకుండా వదిలేసినవాణ్ని కూడా. మొదటి పదేళ్లలో వదిలేసిందే ఎక్కువ. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పక్కన అమ్మ ఉన్నా ఎందుకు కుదరదు

ఇది హాలువాళ్లు పెట్టుకున్న రూలు కాదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం ‘ఎ’ అంటే పెద్దలకు మాత్రమే. 14 ఏళ్ల పిల్లవాడికి తల్లి వెంట ఉన్నా, తండ్రి వెంట ఉన్నా వెసులుబాటు లేదు. అమెరికాలో ‘ఆర్’ రేటింగ్ సినిమాకి 17 లోపు పిల్లలు పెద్దవాళ్లతో కలిసి వెళ్లొచ్చు. అది ఎక్కడో చదివి ఇక్కడా అంతే అనుకునేవాళ్లు చాలామంది వస్తుంటారు.

శిక్ష పడేది తీసుకొచ్చిన తల్లిదండ్రులకి కాదు, సినిమా చూపించినవాళ్లకి.   గేటు దగ్గర నిలబడే మనిషి నెల జీతం మీద ఇల్లు నడుపుకుంటున్నవాడు. అతను మీ పిల్లవాణ్ని ఆపాడంటే మీ మీద కోపంతో కాదు. దయచేసి అతని మీద అరవకండి.

ఒక సంగతి చెప్తాను. విజయనగరంలో పనిచేసేటప్పుడు, సిరిమాను పండగ రోజు. పల్లెల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు పైడితల్లమ్మ దర్శనం చేసుకుని, సిరిమాను చూసి, ఆ తర్వాత ఒక సినిమా కూడా చూసి ఇంటిదారి పట్టడం మనకి ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఆ వారం మా హాల్లో ‘ఎ’ సినిమా. ఒక పెద్దాయన తొమ్మిది మందితో వచ్చాడు. ఫోన్లో టికెట్లు చూపించాడు, అన్నీ బాల్కనీ. తొమ్మిది మందిలో ముగ్గురు పిల్లలు. గేట్‌మేన్ ఆపేశాడు. “ఏటి బావూ, మా గుంటలు మాతోనే ఉంతారు కదా, మద్దెన నీకేటి?” అని ఆయన గొడవ. వెనక లైను రోడ్డు దాకా పెరిగిపోయింది. అదే లైన్లో ఒక కుర్రాడు ఆధార్ కార్డు చూపించాడు. పుట్టినరోజు జనవరి 1. మన పల్లెల్లో చాలామంది కార్డుల్లో అదే తేదీ ఉంటుంది, మీకూ తెలుసు. కార్డు ప్రకారం 19, మొహం చూస్తే 15. కార్డు చూసి పంపించాం, ఇంకేం చేస్తాం?

చివరికి ఆ కుటుంబంలో మగవాళ్లు లోపలికి వెళ్లారు. ఇద్దరు ఆడవాళ్లు పిల్లల్ని పెట్టుకుని బయటే ఉండిపోయారు. రెండున్నర గంటలు ఆ తల్లి పండగ చీరతో సైకిల్ స్టాండు పక్కన అరుగు మీద కూర్చుని, తీర్థంలో కొన్న జీళ్లు ఒక్కొక్కటే విరిచి పిల్లలకి పెడుతూ ఉంది. నేను అటూ ఇటూ తిరుగుతున్నప్పుడల్లా ఆమె కనబడుతూనే ఉంది. చట్టం ప్రకారం మేం చేసింది సరైనదే. కానీ ఆ సంగతి ఆమెకి టికెట్ కొనేటప్పుడే తెలియాల్సింది, గేటు దగ్గర కాదు.

మర్నాడు ఒక నల్లబోర్డు తెప్పించి కౌంటర్ పక్కన పెట్టించాను. సుద్దతో పెద్ద అక్షరాలు: “ఈ సినిమా 18 ఏళ్లు నిండినవారికే. పిల్లలతో వచ్చినవారు టికెట్ కొనవద్దు.” గొడవలు సగానికి సగం తగ్గాయి. అప్పటి నుంచి ఏ హాలుకి మారినా అలాంటి బోర్డు పెట్టిస్తున్నాను. ఒకసారి ఒక డిస్ట్రిబ్యూటర్ తాలూకు మనిషి ఫోన్ చేసి “జనం బెదిరిపోతారండీ, తీసేయండి” అన్నాడు. తీయలేదు.

‘ఎ’ అంటే ‘ఆ రకం సినిమా’ అనే అనుకోవడం

మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడిన మాట ఇది: “అసభ్యంగా ఏమీ లేదట, ఫైట్లేనట.” గేటు దగ్గర రోజూ వినే మాటే. దీని వెనక మన ఊళ్ల చరిత్ర ఉంది.

నేను చేరిన కొత్తలో ‘ఎ’ అంటే మార్నింగ్ షో బొమ్మలు. ఎక్కువగా డబ్బింగువి. వాల్ పోస్టరు మీద ఆ అక్షరం సినిమా పేరుకంటే పెద్దగా వేసేవారు, అదే ప్రచారం. సంతకి వచ్చినవాళ్లు, కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్లు తువ్వాలు తలకి చుట్టుకుని వచ్చేవారు. బుకింగ్ కిటికీలోంచి నాకు చెయ్యి మాత్రమే కనబడేది, మొహం పక్కకి తిప్పుకునేవారు. కొన్ని హాళ్లలో సర్టిఫికెట్లో లేని ముక్కలు మధ్యలో కలిపి వేసేవారు, ‘బిట్లు’ అనేవారు వాటిని. అది నేరం. పోలీసులు వచ్చి రీళ్లు పట్టుకుపోయిన రోజులూ ఉన్నాయి. ఆ టైములో ఆడవాళ్లు ఆ వీధిలోంచి నడవడానికి కూడా ఇష్టపడేవారు కాదు. ఆ అక్షరానికి అంటిన చెడ్డపేరు అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మన హాళ్లకి వచ్చే ‘ఎ’ వేరు. 2023 డిసెంబరులో వచ్చిన సలార్‌కి ‘ఎ’. 2025 ఆగస్టులో వచ్చిన కూలీకి ‘ఎ’. పెద్ద హీరోలు, పెద్ద బడ్జెట్లు, తెల్లవారుజాము నుంచే పాలాభిషేకాలు. వీటికి ‘ఎ’ వచ్చింది హింసకి. అక్షరం పాతదే, దాని వెనక కారణం మారిపోయింది, మన బుర్రలో అర్థం మాత్రం 1996 దగ్గరే ఉంది. అందుకే “మంచి సినిమాయేనట, ఆ సీన్లు లేవట” అని ధైర్యంగా పిల్లల్ని తెస్తారు.

హాలు వెనక తలుపు దగ్గర నిలబడి ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ముద్దు సీను వస్తే తల్లి చెయ్యి గబుక్కున బిడ్డ కళ్ల మీదకి వెళ్తుంది. పీక తెగే సీనుకి ఏ చెయ్యీ లేవదు. పైగా ఈలలు. ఆ ఈలల మధ్య కూర్చున్న పిల్లవాడికి ఏది భయపడాల్సిందో, ఏది సంబరపడాల్సిందో ఎవరు చెప్తారు?

తప్పంతా ప్రేక్షకులదే అనను. తెర మీద మొదట పడే సర్టిఫికెట్లో అక్షరం ఉంటుంది, నిడివి ఉంటుంది, ఆ అక్షరం ఎందుకు వచ్చిందో ఒక్క మాటలో ఉండదు. ఓటీటీల్లో మూల మీద “హింస, బూతులు” అని చిన్న లైను వస్తుంది చూడండి, అలాంటిది హాళ్లకి కూడా కావాలి. అయినా సర్టిఫికెట్ తెర మీద పడేసరికి మీరు టికెట్ కొని, పాప్‌కార్న్ కొని, సీట్లో కూర్చుని ఉంటారు. అప్పుడు తెలిసి ఏం లాభం? పోస్టర్లలో ఆ అక్షరం వేయాలని నిబంధన ఉంది, వేస్తారు కూడా, కానీ కింద మూలన. దాని మీద అభిమాన సంఘం ఫ్లెక్సీ కడుతుంది.

ఇక 7, 13, 16

1983 జూన్ దాకా మామూలు జనానికి రెండే: అందరికీ ‘యు’, పెద్దలకి ‘ఎ’. ఆ ఏడాది ‘యు/ఎ’, ‘ఎస్’ వచ్చాయి. డాక్టర్లలాంటి ప్రత్యేక వర్గాల కోసం పెట్టిన ‘ఎస్’ మన హాళ్ల దాకా రాదు. సినిమాలకి ఈ సర్టిఫికెట్లు ఇచ్చే కేంద్ర బోర్డు పేరులో ‘సెన్సార్స్’ పోయి ‘సర్టిఫికేషన్’ అయింది కూడా అప్పుడే, మనం ఇంకా సెన్సారు అనే అంటున్నాం, నేనూ అంతే.

పాత యు/ఎ అర్థం, 12 ఏళ్ల లోపు పిల్లలు చూడాలంటే తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి అని. చిక్కేమిటంటే అన్నీ ఆ ఒక్క సంచిలోనే పడేవి. దెయ్యం కామెడీకీ యు/ఎ, ఊరంతా నరుక్కునే ఫ్యాక్షన్ కథకీ యు/ఎ. తల్లికి తేడా ఎలా తెలియాలి? విడగొట్టమని 2016లో శ్యామ్ బెనెగల్ కమిటీ సూచించింది. 2023లో చట్టం సవరించి యు/ఎని 7+, 13+, 16+ అని మూడు చేశారు, 2024లో కొత్త రూల్స్ వచ్చాయి.

అమ్మా, ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ అంకెలు తల్లిదండ్రులు ఆలోచించుకోవడానికే, వాటిని అమలు చేయాల్సింది కూడా వాళ్లే. చట్టమే అలా చెప్తోంది. యు/ఎ 16+ సినిమాకి మీ తొమ్మిదేళ్ల పాపని తీసుకొస్తే గేట్‌మేన్ టికెట్ చింపి లోపలికి పంపుతాడు. ఎవరూ ఆపలేదు కాబట్టి ఫర్వాలేదేమో అనుకోకండి. అక్కడ గేటు కాపలా మీరే.

(మాటవరసకి ఒకటి. కలెక్షన్ల లెక్కల్లో ‘యూఏ’ అని కనబడితే అది సర్టిఫికెట్ కాదు. సినిమా వ్యాపారంలో ఉత్తరాంధ్రని అలా రాస్తారు. ఆ రెండూ కలిపేసి కంగారుపడినవాళ్లు నన్ను అడిగారు కాబట్టి చెప్తున్నాను.)

కిందటేడు ఒక సెకండ్ షో. యు/ఎ 16+ సినిమా. ఇంటర్వెల్ ఇంకో పది నిమిషాలు ఉందనగా ఒకాయన ఏడెనిమిదేళ్ల పాపని ఎత్తుకుని బయటికి వచ్చాడు. పాప రెండు అరచేతులూ చెవులకి గట్టిగా అదిమి పెట్టుకుంది. వరండాలో నా కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. తాగాలంటే చెయ్యి తియ్యాలి కదా, తియ్యదు. తండ్రే గ్లాసు పట్టుకుని తాగించాడు. లోపల సౌండు ఆగిపోయిందమ్మా అన్నా వినదు. కాసేపయ్యాక నా వైపు చూసి అడిగింది: “తాతా, ఆ మావకి నిజంగా పీక తెగిపోనాదా?”

లేదమ్మా, అదంతా రంగు నీళ్లు, ఆ మావ ఇప్పుడు ఇంట్లో అన్నం తింటుంటాడు అన్నాను.

“మరయితే ఆల్లమ్మ ఎందుకు ఏడిసింది?”

ఆ పాపకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. తండ్రి చెడ్డవాడు కాదు, కూతుర్ని భుజం మీంచి దించనివాడు. అతని ఫోన్ తీసుకుని టికెట్ మీద 16+ చూపించాను. “అది సీటు నెంబరేమో అనుకున్నాను బావూ” అన్నాడు. అంకెలు వచ్చాయి, ఆ అంకె అర్థం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. బోర్డు మీద ఇప్పుడు యు/ఎ సినిమాలకి కూడా ఒక లైను రాయిస్తున్నాను: “16+ అంటే 16 ఏళ్ల లోపు పిల్లలకి తగినదా కాదా మీరే చూసుకోండి.”

నేను గమనించిన ఇంకో విషయం, చిన్నపిల్లలు బొమ్మకంటే శబ్దానికి ఎక్కువ బెదురుతారు. ఇంట్లో టీవీ అయితే లేచి వంటింట్లోకి పోతారు, దుప్పటి కప్పుకుంటారు. హాల్లో చీకటి, నాలుగు పక్కల నుంచీ సౌండు, రెండు వైపులా మోకాళ్లు. తప్పించుకునే దారి ఉండదు. అందుకే ఫోన్లో చూసినా ఏమీ కాని పిల్లవాడు హాల్లో వణికిపోతాడు.

తీసేవాళ్ల సంగతి

తెలుగు సినిమా మామూలుగా హైదరాబాద్‌లోని సెన్సారు బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి వెళ్తుంది. ఒక అధికారి, సలహా మండలి సభ్యులు నలుగురు కూర్చుని చూస్తారు, వాళ్లలో స్త్రీలు కూడా ఉండాలి. చాలాసార్లు నిర్మాత ముందుకి వచ్చే మాట ఇది: “ఇలాగే ఉంచితే ‘ఎ’, ఈ ముక్కలు తీస్తే యు/ఎ.” ఎంచుకోవాల్సింది ఆయనే. ఒప్పుకోకపోతే సినిమాని మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ. అక్కడా కుదరకపోతే ఇదివరకు అప్పీలుకి ట్రిబ్యునల్ ఉండేది, 2021లో దాన్ని ఎత్తేశారు, ఇప్పుడు హైకోర్టుకే వెళ్లాలి. ఈలోగా రిలీజు డేటు ప్రకటించేశారు, హాళ్లు బుక్ అయిపోయాయి, వడ్డీలు నడుస్తున్నాయి. కోర్టు చుట్టూ తిరిగే తీరిక ఎవరికి? కత్తిరించడమో, ‘ఎ’ తీసుకోవడమో అప్పటికప్పుడు తేల్చుకుంటారు. కూలీ నిర్మాతలు ‘ఎ’తో విడుదల చేశాక యు/ఎ ఇప్పించమని మద్రాసు హైకోర్టుకి వెళ్లారు, కోర్టు కొట్టేసింది.

ఒక్క అక్షరం కోసం అంత పట్టుదల ఎందుకంటే, మా డీసీఆర్ చూస్తే అర్థమవుతుంది. ‘ఎ’ పడిన పెద్ద సినిమాకి మొదటి మూడు రోజులు తేడా ఏమీ తెలియదు, అభిమానులే నింపేస్తారు. ఆదివారం మ్యాట్నీ, ఫస్ట్ షోల దగ్గర తెలుస్తుంది. అవి కుటుంబాల షోలు. పదేళ్ల పిల్లవాడు రాలేకపోతే పోయేది ఒక్క టికెట్ కాదు. వాణ్ని ఇంట్లో వదిలి తల్లి రాదు, తల్లి రాకపోతే తండ్రి రాడు, నానమ్మ ఎలాగూ రాదు. నాలుగు సీట్లు ఖాళీ, క్యాంటీన్లో నాలుగు సమోసాలు మిగులు. మన ఊళ్లలో సంక్రాంతికి చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి పిల్లలతో సహా దిగిపోయే జనమే హాళ్లకి ప్రాణం. ఆ వారంలో ‘ఎ’ బొమ్మ వేసుకోవాలంటే నా గుండెలో దడే.

రెండోది టీవీ. ‘ఎ’ సినిమా ఉన్నదున్నట్టు టీవీలో వేయకూడదు. కోతలు పెట్టి, మళ్లీ వేరే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2023 సవరణలో ఇది చట్టంలోనే చేర్చారు. శాటిలైట్ హక్కులు కొనేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకుంటారు. అందుకే స్క్రిప్టు దగ్గరే “ఇది యు/ఎలో పడుతుందా?” అన్న ప్రశ్న మొదలైపోతుంది.

మా ఊరి కుర్రాడు ఒకడు హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి కో-డైరెక్టర్‌గా చేసి, చివరికి చిన్న బడ్జెట్లో తన సినిమా తీశాడు. హీరో ఎవరికీ తెలియడు. ‘ఎ’ పడితే ఉన్న నాలుగు హాళ్లూ ఇవ్వరని భయం. ఒక భర్త భార్యని కొట్టే సీను ఉంది. దాన్ని కుదించమన్నారు. రెండు రాత్రులు ఎడిటింగ్ గదిలో కూర్చుని, దెబ్బ కనబడకుండా, మూసిన తలుపు అవతల నుంచి గాజులు పగిలిన చప్పుడు మాత్రం ఉంచాడట. మా హాల్లో ఆ సీను వచ్చినప్పుడు నేను లోపలే ఉన్నాను. ఆడవాళ్ల వైపు నుంచి ఒక్కసారిగా నిట్టూర్పు వినిపించింది. కోతే ఆ సీనుని బాగు చేసిందనిపించింది నాకు. అదే మాట అంటే వాడు ఒప్పుకున్నాడు గానీ, “మావా, ఇంకో చోట మా అమ్మ మాట్లాడే మాట ఒకటి ఉంది, మన యాసలో. అది బూతు కింద లెక్కేసి మ్యూట్ చేయించారు. మన ఇళ్లలో రోజూ అనుకునే మాటే అది. ఆ నిమిషం సినిమాలో మా అమ్మ మూగదైపోయింది” అన్నాడు. వాడి బాధ నిజమైనదే. ఒక ప్రాంతంలో ముద్దుగా అనుకునే మాట ఇంకో ప్రాంతపు చెవికి బూతులా వినిపిస్తుంది. మన యాస తెర మీదకి వచ్చేదే తక్కువ, వచ్చినది కూడా ఇలా పోతే నాకూ కష్టంగానే ఉంటుంది.

కాబట్టి నా అభిప్రాయం అడిగితే, పెద్దవాళ్లకి తీసిన సినిమాని పెద్దవాళ్లకే అని నిజాయితీగా చెప్పి, కోయకుండా చూపించడం మంచిది. ‘ఎ’ అన్నది శిక్ష కాదు, చెడ్డపేరూ కాదు. కానీ అలా జరగాలంటే ‘ఎ’ అని రాసి ఉన్నచోట పిల్లలు నిజంగా లోపల ఉండకూడదు. గేటు దగ్గర మేం వదిలేస్తుంటే సెన్సారు బోర్డు మాత్రం దేన్ని నమ్మి కోతలు లేకుండా వదులుతుంది? నేను పదేళ్లు అడగకుండా వదిలేసినవాణ్ని అని చెప్పాను కదా, ఆ సంగతి నన్ను తొలిచేది ఇందుకే.

“ఫోన్లో అన్నీ చూస్తూనే ఉన్నారు కదా?”

మీరు అడగలేదు గానీ తర్వాత అడుగుతారు. ఓటీటీల్లో కూడా అవే అక్షరాలు, అవే అంకెలు కనబడతాయి. కానీ ఆ అంకె వేసేది సెన్సారు బోర్డు కాదు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఆ కంపెనీలే సొంతంగా వేసుకుంటాయి. 13+, ఆ పైన ఉన్నవాటికి పేరెంటల్ లాక్ సదుపాయం ఇవ్వాలి. సదుపాయం ఉంది, పెట్టుకునేవాళ్లే తక్కువ. యూట్యూబ్‌లో వచ్చే ట్రైలర్లకి సెన్సారే లేదు, మీ పాప ఆ ట్రైలర్ ఇప్పటికే నాలుగుసార్లు చూసి ఉంటుంది. ఇంట్లో ఎవరి ఫోన్లో ఆ యాప్ ఉందో ఆ ఫోన్లో పిల్లల ప్రొఫైల్ వేరే పెట్టి, దానికి వయసు సెట్ చేసి, మీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టండి. ఐదు నిమిషాల పని. పిన్‌గా మీ అబ్బాయి పుట్టిన సంవత్సరం మాత్రం పెట్టకండి.

మీ ఇంటి సంగతి

అబ్బాయికి 14. యు/ఎ 13+ అయితే నిశ్చింతగా తీసుకెళ్లండి. 16+ అయితే ముందు మీరో, వాళ్ల నాన్నో చూసి రండి, చూసినవాళ్లని “ఫైట్లెలా ఉన్నాయి, రక్తం ఎంత?” అని అడగండి. “ఆ సీన్లు ఉన్నాయా?” అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకండి. పాపకి 9 కాబట్టి యు, యు/ఎ 7+ దాటి వెళ్లకండి. ఇద్దర్నీ కలిపి తీసుకెళ్లేటప్పుడు చిన్నదాని వయసు చూసే సినిమా ఎంచుకోండి. ఎప్పుడూ ఇద్దరినీ ఒకే సినిమాకి తీసుకెళ్లాలని లేదు, అబ్బాయి వాళ్ల నాన్నతో ఒక ఆదివారం వెళ్లినా ఏం పోదు. చిన్నపిల్లలతో సెకండ్ షో మాత్రం వద్దు, నిద్రమత్తులో చూసిన సీను ఇంకా ఎక్కువ బెదిరిస్తుంది.

‘ఎ’ సినిమా గురించి అబ్బాయికి “గేటు దగ్గర ఆపేస్తారు” అని మాత్రమే చెప్పకండి. నాలుగేళ్లు ఆగితే మొదటి టికెట్ వాడే కొనుక్కుంటాడు. మా హాలుకి 18 నిండిన రోజునే కార్డు పట్టుకుని వచ్చి చూపించి మరీ లోపలికి వెళ్లిన కుర్రాళ్లు ఉన్నారు.

టికెట్లు ఇప్పటికే బుక్ చేసేసి ఉంటే కంగారుపడకండి. యాప్‌లో క్యాన్సిల్ చేసే వీలుందేమో చూడండి. లేకపోతే షో రోజు దాకా ఆగకుండా ముందురోజే హాలుకి వెళ్లి మేనేజర్ని అడగండి. మొదటి మూడు రోజుల షో అయితే ఆ సీట్ల కోసం కౌంటర్ దగ్గర తిరిగేవాళ్లు ఎలాగూ ఉంటారు, వాళ్లకిచ్చి మీ డబ్బు మీకు ఇప్పించేస్తాం. సోమవారం తర్వాతి షో అయితే అది కష్టం, అందుకని ఈరోజే వెళ్లండి.